మోటార్‌హోమ్‌లో ఉపగ్రహ టీవీ రికార్డింగ్ ఏర్పాటు: నా అనుభవం

దూర ప్రయాణాల్లో ఇష్టమైన కార్యక్రమాలు తప్పిపోకూడదని మా మోటార్‌హోమ్‌లో ఉపగ్రహ టీవీతో పాటు రికార్డింగ్ సదుపాయాన్ని కూడా అమర్చుకున్నాను. టీవీ చూస్తున్నప్పుడు బొమ్మ చెదిరితే లేచి వెళ్లి డిష్‌ను సరిచేసుకోవచ్చు. మనం నిద్రలో ఉన్నప్పుడో, బయట తిరుగుతున్నప్పుడో సాగే రికార్డింగ్‌ను పట్టించుకునేవారు ఎవరూ ఉండరు. అందుచేత డిష్, కేబుల్, కరెంటు, ఈ మూడూ చూడడానికి చాలినదాని కంటే ఒక మెట్టు పైన ఉండాలని ముందే నిర్ణయించుకున్నాను.

ఒక చానల్ చూస్తూ మరొకటి రికార్డు చేయాలంటే సెట్‌టాప్ బాక్సులో రెండు ట్యూనర్లు (కావలసిన చానల్‌ను పట్టే భాగాలు) ఉంటే చాలదు, డిష్ నుంచి రెండు కేబుళ్లు కూడా రావాలి. నేను వాడిన యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే భాగం) ట్యూనర్ 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 వోల్టులు పంపితే అడ్డ తరంగాలు అందుతాయి; దానితో పాటు 22 కిలోహెర్ట్‌జ్ టోన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి పై బ్యాండ్ కావాలో కింది బ్యాండ్ కావాలో అది గ్రహిస్తుంది. ఒక కేబుల్ మీద ఒక సమయంలో వీటిలో ఒక్క కలయికే సాధ్యం కనుక, మామూలు స్ప్లిటర్‌తో ఒకే కేబుల్‌ను రెండుగా చీలిస్తే పని జరగదు. ఒకే కేబుల్‌తో నడిచే ప్రత్యేక ఎల్‌ఎన్‌బీలు ఉన్నాయి గానీ, వాటికి బాక్సు కూడా అనుకూలించాలి. నేను రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీనే ఎంచుకుని, పైకప్పుకు ఒకే రంధ్రం చేసి, నీరు చొరబడని గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగుసుకునే బిగింపు) గుండా రెండు కేబుళ్లనూ లోపలికి తెచ్చాను. కనెక్టర్ బిగించేటప్పుడు బయటి అల్లికలోని సన్నని తీగ ఒక్కటైనా మధ్య రాగి తీగను తాకకుండా వెలుతురులో పట్టి చూసుకోవాలి. ఈ చిన్న పనికి ఎంత సమయం పట్టినా వృథా కాదు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచన కరెంటుకే అవసరమైంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ అని పేరే గానీ, ఛార్జింగ్ సమయంలో అది 14 వోల్టులు దాటుతుంది, వాడకం పెరిగేకొద్దీ 12 కంటే కిందికి దిగుతుంది. నా బాక్సు అడాప్టరు 12 వోల్టుల డీసీ ఇచ్చేదే కావడంతో ఇన్వర్టర్ వాడకుండా, వోల్టేజిని స్థిరంగా ఉంచే డీసీ కన్వర్టర్‌ను మధ్యలో పెట్టాను. బాక్సు 15 వాట్లు తీసుకుంటే పది గంటలకు 150 వాట్ అవర్లు, అంటే బ్యాటరీ నుంచి సుమారు 12.5 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. కన్వర్టర్‌లో పోయేది దీనికి అదనం. టైమర్ సమయానికి బాక్సు మేల్కోవాలంటే స్టాండ్‌బైలోనూ దానికి కరెంటు అందుతూ ఉండాలి. అందుకే రాత్రి లోపలి మెయిన్ స్విచ్ ఆపినా ఆగకుండా, సొంత ఫ్యూజుతో దానికి వేరే లైను వేయించాను.

నిల్వకు తిరిగే హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెట్టాను, రోడ్డు కుదుపులకు దెబ్బతినే కదిలే భాగాలేవీ అందులో ఉండవు. సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ చానల్ గంటకు 3.6 జీబీ తీసుకుంటుంది కాబట్టి 500 జీబీలో వంద గంటలకు పైగానే పడుతుంది.

ఆగిన ప్రతిచోటా డిష్‌ను మళ్లీ గురిపెట్టాలి. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, డిష్ కొద్దిగా పక్కకు తిరిగినా సిగ్నల్ పోతుంది. బండి ఇనుము దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది కనుక నాలుగడుగులు దూరంగా నిలబడి దిక్కు చూస్తాను. దిక్కు, ఎత్తు కుదిరాక ఎల్‌ఎన్‌బీని కొద్దికొద్దిగా తిప్పుతూ సిగ్నల్ క్వాలిటీ గరిష్ఠానికి చేరేదాకా వదలను. సిగ్నల్ బలం అంకె ఎంత బాగున్నా క్వాలిటీ తక్కువైతే చిన్న వానకే రికార్డింగ్ ముక్కలవుతుంది. గాలికి ఊగే కొమ్మ డిష్ చూపుకు అడ్డొచ్చే చోట బండిని ఆపను.

చివరి పరీక్షగా నిలువు తరంగాలపై వచ్చే ఒక చానల్‌నూ అడ్డ తరంగాలపై వచ్చే ఒక చానల్‌నూ ఒకేసారి రికార్డింగ్‌కు పెట్టి, అంతకుముందు రికార్డయినదాన్ని తెరపై నడిపించాను. మూడూ ఎక్కడా చెదరకుండా సాగాక గానీ కేబుళ్ల మీద మూత బిగించలేదు.