98 వచ్చిన రాత్రి

ముప్పయ్యేళ్ళ పాటు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినదాన్ని. వందకు 98 వస్తే ఇంట్లో పాయసం చేసుకోవాలని మా అబ్బాయికి చిన్నప్పుడు నేర్పింది నేనే. ఆసుపత్రిలో నా రక్తంలో ఆక్సిజన్ శాతంగా కనిపించిన అదే 98 నా ప్రాణం మీదికి తెచ్చింది. కోపం పూర్తిగా చల్లారాక రాద్దామని ఇన్ని నెలలు ఆగాను కానీ, అది చల్లారలేదని రాస్తుంటే తెలుస్తోంది.

2023 డిసెంబరు మొదటి వారంలో, మిచాంగ్ తుపాను వానల రోజుల్లో నాకు దగ్గు మొదలైంది. విశాఖలోని గాజువాకలో కిటికీ గూట్లో నల్లటి దుమ్ము తుడుచుకోవడం మాకెంత మామూలో, చలికాలం పిల్లికూతలతో నిద్ర లేవడం నాకంత మామూలు. ఈసారి మాత్రం తెల్లగా పడే కఫం పచ్చబడింది, ఎక్కువైంది, స్నానాల గది నుంచి మంచం దాకా నడిచేసరికి నోట మాట రావడం మానేసింది. మా వీధి వైద్యుడు మూడేళ్ళుగా ఇస్తున్న దగ్గు మందునే మళ్ళీ రాసిచ్చారు. ఈ మూడేళ్ళలో ఒక్కసారైనా గొట్టంలోకి ఊదించి స్పైరోమెట్రీ చేయించి ఉంటే, అది ఉత్త దగ్గు కాదు, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే సీఓపీడీ అని అప్పుడే తేలి ఉండేది.

అయిదో రాత్రి మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళకు ఆన్చి, ముందుకు వంగితే తప్ప ఊపిరి అందని స్థితిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున నిమ్ము కనిపించింది. మాటలో తడబాటు, రక్తంలో యూరియా, శ్వాస వేగం, బీపీ, వయసు అనే అయిదూ చూసి మార్కులు వేస్తారట. 65 దాటినందుకు ఒకటి, నిమిషానికి 30కి పైగా ఊపిరి తీస్తున్నందుకు ఒకటి, మొత్తం రెండు వచ్చాయి కనుక చేర్చుకోవాలన్నారు. "చుట్ట తాగుతారా?" అని అడిగారు. లేదంటే నమ్మలేదు. నిప్పు కొనను నోట్లో పెట్టుకుని తాగే అడ్డచుట్ట మా నాయనమ్మ తాగేది. నేను తాగింది భీమిలి దగ్గర మా పల్లెలో సరుగుడు కట్టెల పొయ్యి పొగ, అదీ ఊదుగొట్టంతో పాతికేళ్ళు వచ్చేదాకా. ఆ పొగకూ ఈ జబ్బు వస్తుందని తరవాత పెద్ద డాక్టరుగారు చెప్పారు గనుక సరిపోయింది, లేకపోతే ఆ కేసు కాగితంలో నేను చుట్ట తాగే మనిషినే.

సెలైన్, ఇంజెక్షన్లు, నెబ్యులైజర్ సంగతి అందరికీ తెలిసిందే. రెండో రోజు సాయంత్రం వేలికి పెట్టిన ఆక్సిమీటరు 89 చూపిస్తోందని మా అబ్బాయి కంగారుపడి డ్యూటీ డాక్టరును పిలిచాడు. ఆయన మాస్కు మార్చి, ఆక్సిజన్ బాగా పెంచారు. కాసేపటికి 98 వచ్చింది. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయని మావారు చెబితే, "98 ఉంది, ఇంకేం కావాలండీ? రెండు రోజులుగా నిద్ర లేదు కదా, పడుకోనివ్వండి" అని వెళ్ళిపోయారు. అబ్బాయి ఆ అంకెను ఫొటో తీసి వాళ్ళ అక్కకు పంపాడట.

నాకు గుర్తున్నది తలనొప్పి, వెచ్చబడిన అరచేతులు, ఆపైన ఒక తరగతి గది. బోర్డు మీద లెక్క సగం వేశాను, సుద్దముక్క చేతిలోంచి జారిపోతోంది, తీస్తున్నాను, మళ్ళీ జారిపోతోంది. రాత్రి రెండింటికి బీపీ చూడడానికి వచ్చిన సిస్టర్ నన్ను కుదిపి లేపి, "అమ్మా, ట్రాఫిక్ పోలీసు బండి ఆపినట్టు రెండు చేతులూ చాచి పట్టండి" అంది. చాచాను. మణికట్లు నిలవలేదు, కోడిపిల్ల రెక్కల్లా టపటపలాడి వాలిపోయాయి. "ఇది నిద్ర కాదండీ, మత్తు" అని మావారితో అంటూనే ఆమె పెద్ద డాక్టరుగారికి ఫోను చేసింది. మణికట్టు ధమని నుంచి రక్తం తీశారు. 45 దాటకూడని కార్బన్ డయాక్సైడ్ 78 ఉంది, రక్తంలో ఆమ్లం పెరిగి పీహెచ్ 7.24కి పడిపోయింది. నాలాంటి ఊపిరితిత్తులకు ఆక్సిజన్ అవసరమే గాని, అతిగా ఇస్తే లోపలి చెడ్డ గాలి బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. అందుకే మాకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. అంటే ఆ సాయంత్రం 89 దగ్గర నేను సరిగ్గానే ఉన్నాను.

ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయం చేసే బైపాప్ యంత్రం మాస్కు బిగించారు. ఎదురుగాలిలో బస్సు కిటికీలోంచి తల బయట పెట్టినట్టుంటుంది. ముక్కు దూలం మీద చర్మం లేచిపోయింది, ఆ మచ్చ ఇప్పటికీ కళ్ళజోడు కింద దాక్కుంటోంది. తెల్లవార్లూ ఆ సిస్టర్ "యంత్రంతో పోట్లాడకండి అమ్మా, అది ఇచ్చినప్పుడు తీసుకోండి" అంటూ పక్కనే నిలబడింది. తెల్లారాక ఆక్సిజన్ మీటరుకు తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద "88–92, పెంచవద్దు" అని పెన్నుతో రాసింది. డిశ్చార్జి నాడు ఆ ముక్కను ఊడదీసి ఫైలు అట్టకు అతికించుకున్నాను. ఆంబులెన్సు ఎక్కాల్సి వస్తే ముందు ఆ అట్ట చూపించమని ఇంట్లో చెప్పాను, ఈ జబ్బున్నవాళ్ళు మీరూ చెప్పి ఉంచండి.

డ్యూటీ డాక్టరు మళ్ళీ కనిపించినప్పుడు "బాగున్నారా" అన్నారు, అంతే. పొరపాటు ఎవరికైనా జరుగుతుందని మావారంటారు. పొరపాటుకు కాదు నా కోపం, మొహం వైపు చూడకుండా వెళ్ళిపోయినందుకు. మా అబ్బాయైతే తానే పిలిచానని ఇప్పటికీ కుమిలిపోతుంటాడు. వాడి మీద నాకు ఏ కోశానా కోపం లేదని ఇక్కడ రాస్తున్నాను, చదువుతాడని.

ఆరు వారాల తరవాత తీసిన ఎక్స్‌రేలో నిమ్ము లేదు. ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే డొల్ల గొట్టం తగిలించి పీల్చడం నేర్చుకున్నాను. అంతకుముందు మందు సగం నాలుక మీదే ఆగిపోయేదట. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించుకున్నాను. ఆ రాత్రి మావారు సింహాచలం అప్పన్నకు గిరి ప్రదక్షిణ మొక్కారు. మొక్కింది ఆయన, నడవాల్సింది నేనట! కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. డాక్టరుగారు నడవమన్నారు గాని అంత నడవమనలేదు. రోజూ పొద్దున్నే పార్కులో పెదవులు సున్నాలా చుట్టి గాలి వదులుతూ రెండు చుట్లు తిరుగుతున్నాను. చుట్టుకు అర కిలోమీటరు. స్వామి కంతుల్లో తీసుకుంటాడేమో మావారినే అడగమన్నాను.