నా బొమ్మ ఇంకొకరి చేతిలోకి వెళ్లేముందు: ఏడు నెలల లాగ్

మొదటి నెల

ఈ నెల మా బొమ్మల హాబీవాళ్లు కలుసుకునే మీట్‌కి మొదటిసారి చిట్టిని తీసుకెళ్లాను. చిట్టి 60 సెంటీమీటర్ల రెజిన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) బీజేడీ, అంటే బాల్ జాయింటెడ్ డాల్. కీళ్ల దగ్గర బంతుల్లాంటి భాగాలు, వాటన్నిటినీ కలిపి లోపల బిగించిన ఎలాస్టిక్ తాడు, అయస్కాంతంతో అతుక్కునే తల మూత. వోక్స్ కంపెనీ 1999లో సూపర్ డాల్ఫీ అనే ఇలాంటి బొమ్మని తెచ్చినప్పటి నుంచి ఈ రకం బొమ్మల మీద ఇష్టం పెంచుకున్నవాళ్లు చాలామంది. నేను ఆలస్యంగా చేరాను కానీ, చిట్టి ముఖం మీద ఉన్న ప్రతి గీతా నేనే గీశాను. పేస్టల్ పొడితో బుగ్గలు, అక్రిలిక్‌తో కనుబొమలు, పెదవులు, పొరపొరకీ మధ్య మ్యాట్ సీలెంట్, అంటే రంగుని కాపాడే మెరుపులేని స్ప్రే. దీన్నే మేం ఫేస్‌అప్ అంటాం. నాలుగు ఆదివారాలు పట్టింది.

మీట్‌లో "చూడొచ్చా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ "పర్లేదు, తీసుకోండి" అన్నాను. అందరూ అడిగే తీసుకున్నారు, అందరూ ముద్దుగానే చూశారు. ఇంటికొచ్చి దీపం కింద పెడితే ఎడమ బుగ్గ మీద బొటనవేలంత మెరుపు. మ్యాట్ పొర మీద నూనె పడితే అలాగే మెరుస్తుంది. సన్‌స్క్రీనో, చేతి క్రీమో అయ్యుంటుంది. కొంచెం తడిపిన దూదిపుల్లతో అద్ది చూశాను, నూనె కదల్లేదు. గట్టిగా రుద్దితే కింద పేస్టల్ లేచిపోతుందని ఆపేశాను. మెడ పక్కన సన్నని గీత కూడా ఉంది. ఉంగరం రాయి తగిలినట్టుంది.

రెండు రోజులు బాధగా ఉంది. తర్వాత ఆలోచిస్తే ఆ చెయ్యి ఎవరిదైనా వాళ్లు తప్పు చేయలేదు. వాళ్లు అడిగారు. నేనే ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో చెప్పలేదు. "పర్లేదు" అనే మాటలో నేను దాచుకున్న షరతులు వాళ్లకి ఎలా తెలుస్తాయి?

రెండో నెల

ఈసారి శుభ్రత మీద పడ్డాను. టేబుల్ మీద శానిటైజర్ సీసా పెట్టి, "ముందు చేతులు శుభ్రం చేసుకోండి" అని చెప్పాను. అది పెద్ద పొరపాటు. ఒకమ్మాయి చేతులు రుద్దుకుని, ఆరకముందే చిట్టి గడ్డం పట్టుకుంది. కింది పెదవి అంచున రంగు ఆమె వేలికి వచ్చేసింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సీసా పెట్టింది నేనే కాబట్టి పొరపాటు నాదేనని అప్పటికప్పుడే చెప్పాను.

కారణం సులువైనదే. శానిటైజర్‌లో ఎక్కువ భాగం ఆల్కహాల్. పాత ఫేస్‌అప్ తుడిచేయడానికి నేను వాడేది కూడా ఐసోప్రొపిల్ ఆల్కహాలే. తుడవడానికి వాడే ద్రవాన్నే చేతికి ఇచ్చి బొమ్మను పట్టుకోమన్నాను.

ఇప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇది. సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి, పూర్తిగా తుడుచుకోవాలి, గోళ్ల సందుల్లో తడి కూడా ఉండకూడదు. కడిగాక మళ్లీ క్రీమ్ రాసుకోకూడదు. నీళ్లు దగ్గర్లో లేక శానిటైజరే వాడాల్సి వస్తే, చేతులు పొడిగా అయ్యేదాకా ఆగాలి, అప్పుడు కూడా ముఖం జోలికి వెళ్లకూడదు. వెట్ వైప్స్ వద్దనుకున్నాను. చాలావాటిలో క్రీమ్, సువాసన కలిపి ఉంటాయి, అవి చేతి మీద పొరలా మిగులుతాయి.

కాటన్ గ్లవ్స్ కూడా ఒక గంట వేసుకుని చూశాను. నాకు నచ్చలేదు. పట్టు జారుతుంది, దారాలు చిట్టి వేళ్ల మధ్య చిక్కుకుంటాయి, కనురెప్పల వెంట్రుకలకి తగిలితే జిగురు ఊడి వస్తాయి. పొడి లేని నైట్రైల్ గ్లవ్స్ నయం, కానీ కడిగి ఆరబెట్టిన చెయ్యికంటే గొప్పగా ఏం లేవు.

ముఖం మొత్తం తుడిచి మళ్లీ వేశాను. ఒక్క బుగ్గ మాత్రమే సరిచేస్తే అతుకు కనిపిస్తుంది. సీలెంట్ కొట్టేటప్పుడు రెస్పిరేటర్ పెట్టుకున్నాను, గాలాడే చోట చేశాను, ముసురు పట్టిన రోజు వదిలేశాను. గాలిలో తేమ ఎక్కువుంటే తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది.

మూడో నెల

ఈ నెల చిట్టిని ఎవరికీ ఇవ్వకుండా కూర్చుందామనుకున్నాను, కానీ మనసొప్పలేదు. మీట్‌కి వచ్చేదే ఒకరి బొమ్మను ఒకరం దగ్గరగా చూడటానికి. అందుకే ఇచ్చేముందు చెప్పే మాటలు ఇంట్లోనే తయారు చేసుకున్నాను: "ఒక చెయ్యి నడుము వెనక, ఒక చెయ్యి తొడల కింద. ముఖం, విగ్, వేళ్లు మాత్రం వద్దు. కూర్చుని ఒళ్లో పెట్టుకోండి." పది సెకన్లు కూడా పట్టదు. చెప్పడానికి మొదట మొహమాటంగా అనిపించింది. రెండోసారికే పోయింది. వినేవాళ్లకి కూడా టెన్షన్ తగ్గుతుందని గమనించాను. ఖరీదైన వస్తువు చేతికి వచ్చి, దాన్నెలా పట్టుకోవాలో తెలియకపోవడం వాళ్లకీ ఇబ్బందే కదా.

ప్రతి మాటకీ కారణం ఉంది. బట్టలతో కలిపి తూచితే చిట్టి రెండు కిలోల పైనే ఉంది. చెయ్యి పట్టుకుని ఎత్తితే బరువంతా ఎలాస్టిక్ మీద, మణికట్టు కొక్కెం మీద పడుతుంది. విగ్ పట్టుకుని ఎత్తితే విగ్ చేతిలో ఉంటుంది, బొమ్మ కింద ఉంటుంది. ఎలాస్టిక్ బిగువుగా ఉన్న బొమ్మ మోకాలు వంచినప్పుడు ఒక్కసారిగా తన్నుతుంది. ఉలిక్కిపడి వదిలేసేవాళ్లు ఉంటారు. కీలు మధ్య వేలు నలగడం కూడా నిజంగా నొప్పే. అందుకే భంగిమ మార్చాలంటే నన్నే అడగమంటాను.

ఇంకొకటి కనిపెట్టాను. చేతి నుంచి చేతికి ఇవ్వడం మానేశాను. వాళ్లు పట్టుకున్నారని నేను, నేను ఇంకా వదల్లేదని వాళ్లు అనుకునే ఆ ఒక్క క్షణంలోనే బొమ్మలు పడతాయి. తువ్వాలు పరిచిన టేబుల్ మీద పడుకోబెడతాను, వాళ్లు అక్కడి నుంచి తీసుకుంటారు. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే.

ఒక అక్క బ్లైత్ బొమ్మను తెచ్చింది. కెనర్ కంపెనీ 1972లో ఒక్క ఏడాది చేసి ఆపేసిన బొమ్మ అది. 2001లో టకారా మళ్లీ మొదలుపెట్టిన రకం ఈమెది. తల వెనక తాడు లాగితే కళ్ల రంగు మారుతుంది, నాలుగు రంగులు. చూసిన ప్రతి ఒక్కరికీ లాగాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. "అక్కా, ఒక్కసారి లాగనా?" అని అడిగితే, "తల వెనక నుంచి పట్టుకుని నిదానంగా లాగు, నిదానంగానే వదులు" అని చూపించింది. లాగి టక్కున వదిలేస్తే లోపలి యంత్రం దెబ్బతింటుందట. నేను చిట్టి గురించి చెప్పే మాటలకీ ఆమె చెప్పినదానికీ తేడా లేదు. ప్రతి బొమ్మకీ తన సొంత సూచన ఒకటుంటుంది, అది యజమానికే తెలుస్తుంది.

నాలుగో నెల

చెప్పుకోవడానికి ఏమీ జరగలేదు. ట్యాగులు మొదలుపెట్టాం. ఆకుపచ్చ అంటే చేతులు కడుక్కుని తీసుకోవచ్చు, పసుపు అంటే ముందు అడగాలి, ఎరుపు అంటే చూడటానికే. చిట్టికి పసుపు. ఎరుపు పెట్టినవాళ్లని ఎవరూ తప్పుగా అనుకోలేదు, అది నాకు సంతోషం. "ఎందుకు ముట్టుకోనివ్వరు?" అని కారణం అడగకూడదని కూడా అనుకున్నాం. ఫొటోకి కూడా విడిగా అడగాలి. తీసేది ఒకటి, అందరికీ చూపించేది ఇంకొకటి, రెండింటికీ అనుమతి కావాలి.

ఐదో నెల

ఈ నెల రాయడం కష్టంగా ఉంది. ఈసారి పాడైంది నా బొమ్మ కాదు.

చిట్టి కోసం కుట్టిన ముదురు నీలం వెల్వెట్ గౌను ఒకామె బొమ్మకి సరిగ్గా సరిపోయింది. ఫొటోల కోసం అరువిచ్చాను. మీట్ అయ్యేదాకా, అంటే మూడు గంటలకు పైగా వేసే ఉంచారు. గది ఉక్కగా ఉంది. విప్పేసరికి తెల్ల రెజిన్ మీద, చంకల దగ్గర, నడుము చుట్టూ నీలి నీడ. ఆమె ఏమీ అనలేదు. నాకు గొంతు పట్టేసింది.

గుడ్డను కుట్టేముందు ఒక్కసారి కూడా ఉతకలేదు. నేను చేయాల్సిన పని, చేయలేదు. "నేను శుభ్రం చేసి ఇస్తాను" అనబోయి ఆగి, "మీరు ఎలా చేయమంటే అలా చేద్దాం" అన్నాను. ఆమె తన ఇంట్లో తనే చేసుకుంటానంది, నన్ను పక్కన ఉండమంది. ముందు గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు. సగం పోయింది. తర్వాత మెలమైన్ స్పాంజ్, తడిపి, వేలి బరువుకంటే ఎక్కువ నొక్కకుండా. ఆ స్పాంజ్ చూడటానికి మెత్తగా ఉంటుంది కానీ నిజానికి సన్నటి గరుకు కాగితం లాంటిది. రెజిన్ పైపొరను కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. రంగు వేసిన చోట అస్సలు వాడకూడదు. నడుము దగ్గర ఇంకా లేత నీడ ఉండిపోయింది. గరుకు కాగితంతో రుద్దితే పోవచ్చు కానీ ఆమె వద్దంది. రుద్దాల్సి వస్తే తడిపే రుద్దాలి, మంచి మాస్క్ ఉండాలి, రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. అది మీట్‌లో చేసే పని అస్సలు కాదు.

మా గుంపులో పెద్దావిడ ఒకరు అప్పుడు తన పాత బార్బీని చూపించారు. బార్బీ మొదట వచ్చింది 1959లో. ఆ తొలి రోజుల బొమ్మల చెవులకి లోహపు కమ్మలు ఉండేవి. ఏళ్లు గడిచేసరికి ఆ లోహం నుంచి పచ్చదనం చెవుల్లోకి దిగిపోయింది. రెజిన్‌లో మరక చాలావరకు పైపైనే ఉంటుంది, ఇలాంటి బొమ్మల మెత్తటి వినైల్ ప్లాస్టిక్‌లో లోపలికి ఇంకుతుంది. వినైల్ మరకలకి కొందరు మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీమ్ రాసి వెలుతురులో పెడతారు. అది మరకతో పాటు వినైల్ అసలు రంగును కూడా తెలుపు చేయగలదు. ఇంకొకరి బొమ్మ మీద అలాంటి ప్రయోగం చేయకూడదని నా అభిప్రాయం.

ఇంటికొచ్చి చిట్టి బట్టలన్నీ తీశాను. ముదురు రంగువన్నీ ఒక్కొక్కటిగా విడిగా ఉతికాను. నీలం వెల్వెట్‌కి ఆరుసార్లు పట్టింది, అప్పటికీ నీళ్లు తేటగా రాలేదు. నల్ల సాటిన్‌కి రెండుసార్లు చాలింది. ఎర్ర పట్టీ ఒకటి ఎన్నిసార్లు ఉతికినా తెల్ల గుడ్డకి గులాబీ రంగు అంటిస్తూనే ఉంది, దాన్ని పక్కన పెట్టేశాను. పరీక్ష ఇలా చేస్తున్నాను: తడిపిన తెల్ల నూలు గుడ్డలో బట్టను చుట్టి, బరువు పెట్టి, రాత్రంతా ఉంచడం. ఉదయం తెల్ల గుడ్డ తెల్లగా ఉంటేనే ఆ బట్ట అరువుకి వెళ్తుంది. అప్పుడు కూడా లోపల తెల్లటి పల్చని బాడీసూట్ వేస్తాను, ఫొటో అవగానే విప్పమని ముందే చెబుతాను. వెనిగర్‌లో నానబెడితే రంగు దిగదని చాలామంది చెబుతారు, నూలు బట్టల విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

ఆమెకి తెల్ల గౌను ఒకటి కుట్టి ఇచ్చాను. తీసుకుంది.

ఆరో నెల

పిల్లలు వచ్చారు. నలుగురు. వాళ్లని దూరంగా ఉంచితే ఈ హాబీ వాళ్లకి ఎలా అబ్బుతుంది? అందుకని గట్టి బొమ్మలు రెండు వాళ్ల కోసమే తెచ్చాం, ఆకుపచ్చ ట్యాగుతో. ఒకటి మాత్రం కచ్చితంగా పాటించాం. ఊడి వచ్చే అయస్కాంతాలు, చిన్న బూట్లు, గాజు కళ్లు వాళ్లకి అందకుండా పెట్టాం. రెండు అయస్కాంతాలు మింగితే అవి లోపల పేగు గోడలకి ఇరువైపులా అతుక్కుని ప్రాణం మీదకి తెస్తాయి.

తినేవి, తాగేవి వేరే టేబుల్ మీద. తిన్నాక మళ్లీ చేతులు కడుక్కోవాలి. ఈ రెండోది అందరూ మర్చిపోతారు, నాతో సహా. కిటికీ పక్క టేబుల్ ఈసారి తీసుకోలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి రెజిన్ పసుపు పడుతుంది, ఒకసారి పడితే వెనక్కి రాదు.

దువ్వెనలు కూడా ఎవరివి వాళ్లవే. ఒక విగ్‌కి రాసిన సీరం దువ్వెనతో ఇంకో విగ్‌కి చేరి, దాని మోహేర్ (మేక బొచ్చు) జిడ్డుగా అట్టకట్టింది.

ఏడో నెల

రెండో నెలలో వేసిన ముఖం ఐదు మీట్లు దాటింది. నిన్న దీపం కింద పెట్టి చూశాను, బుగ్గల మీద మెరుపు లేదు. కింది పెదవి అంచు అలాగే ఉంది. మెడ మీది ఉంగరం గీత మాత్రం ఉంది, దాన్ని వదిలేశాను.

ఇప్పుడు నా సంచిలో రెండు లేత రంగు తువ్వాళ్లు (ఒకటి పరచడానికి, ఒకటి ఎవరైనా ఒళ్లో వేసుకోవడానికి), ఉంగరాలు, గాజులు, వాచీలు తీసిపెట్టుకునే చిన్న గిన్నె, స్టాండ్, ప్రయాణంలో తలకి తొడిగే మెత్తటి మాస్క్, దూదిపుల్లలు ఉంటాయి. గిన్నె చాలా పనికొచ్చింది. "గాజులు తీయండి" అని చెప్పాల్సిన పనే లేదు, గిన్నె ముందుకి జరిపితే వాళ్లే తీసేస్తున్నారు. మెడలో వేలాడే ఐడీ కార్డులు, జాకెట్ జిప్పులు మాత్రం ఇంకా నోటితో చెప్పాల్సి వస్తోంది.

రెండో నెలలో పెదవి రంగు వేలికి అంటిన అమ్మాయి ఈసారి వచ్చింది. అప్పటి నుంచి ఎవరి బొమ్మనూ ముట్టుకోలేదట. చిట్టిని తువ్వాలు మీద పడుకోబెట్టి, ఎక్కడ పట్టుకోవాలో చూపించాను. చేతులు కడుక్కొచ్చి, రెండుసార్లు తుడుచుకుని, నడుము వెనక చెయ్యి పెట్టి ఎత్తుకుంది. పావుగంట ఒళ్లో పెట్టుకుని కనుబొమలు ఎలా గీశానో అడిగింది. వచ్చే నెల తన బొమ్మ ఖాళీ తలను, అంటే ఇంకా రంగులు వేయనిదాన్ని, తెస్తానంది. నేను పేస్టల్ పెట్టె, రెండు కుంచెలు పట్టుకెళ్లాలి. సీలెంట్ మాత్రం ఇంట్లోనే కొట్టి తెమ్మని చెప్పాను.