కొబ్బరికాయ పగిలాక చప్పుడు వినిపిస్తుంటే

ఇంట్లో రైట్ చేసిన పెళ్లి డీవీడీలో పురోహితుడి నోరు ముందు కదిలి, మంత్రం ఆ తర్వాత వినిపిస్తోందనుకోండి. చాలామంది వెంటనే ఇంకో ఖాళీ డిస్క్ తీసి అదే ఫైలును మళ్లీ రైట్ చేస్తారు. రెండో డిస్క్‌లోనూ అదే తంతు. ధ్వని జారేది సాధారణంగా రైట్ చేసేటప్పుడు కాదు. అంతకు ముందే, క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడో, మిక్సింగ్‌లో ముక్కలు కోసి అతికేటప్పుడో, ఫార్మాట్ మార్చేటప్పుడో జారిపోయి ఉంటుంది.

ఎక్కడ జారిందో తెలియాలంటే ముందు ఎలా జారిందో చూడాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉందా, నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతోందా, లేక ఒకచోటి దాకా బాగానే ఉండి అక్కడ ఉన్నట్టుండి తప్పిందా? మూడు జబ్బులకూ మూడు మందులు. "మొదట్లో సరిచేశాం, చివరికొచ్చేసరికి మళ్లీ పోయింది" అనే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ రెండో జబ్బుకు మొదటి మందు వేయడం వల్లే వస్తుంది.

అసలు తప్పు డిస్క్‌దేనా అన్నది ముందు తేల్చుకోండి. అదే ప్లేయర్లో షాపులో కొన్న సినిమా డీవీడీ వేసి చూడండి. దానిలోనూ మాట ముందో వెనకో వస్తుంటే తప్పు టీవీదో హోమ్ థియేటర్‌దో. ఎల్‌సీడీ టీవీ బొమ్మను సాపు చేసి చూపించడానికి కొంత సమయం తీసుకుంటుంది. ధ్వని మాత్రం ఆప్టికల్ వైరు గుండా నేరుగా ఆంప్లిఫైయర్‌కి పోయి ముందే వినిపిస్తుంది. దానికి ఆంప్లిఫైయర్ మెనూలో లిప్ సింక్ డిలే అని ఉంటుంది, అక్కడ సర్దుకోవాలి. ఇంకో మాట, బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని సింక్ (మాటా బొమ్మా కలవడం) చూడొద్దు. అవి స్వతహాగానే ధ్వనిని ఆలస్యం చేస్తాయి. లేని రోగం ఉన్నట్టు కనబడుతుంది.

కొలవడానికి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ చాలు. డిస్క్‌లోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌ను హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని వీఎల్‌సీలో తెరవండి. 'జె' నొక్కితే ధ్వని 50 మిల్లీసెకన్లు ముందుకొస్తుంది, 'కె' నొక్కితే అంతే వెనక్కి పోతుంది. ఎంత జరిగిందో తెర మీద అంకె కనిపిస్తుంది. పాట వేసేసిన చోట చూసి లాభం లేదు, అసలు ధ్వని మిగిలిన చోటు వెతకాలి. ప, బ, మ పలికేటప్పుడు పెదాలు మూతపడక తప్పదు కాబట్టి వాటి మీద కన్నేయండి. పురోహితుడి ముఖం దగ్గరగా కనిపిస్తుండగా "మాంగల్యం" అన్న మాట దొరికితే అంతకంటే ఏం కావాలి? పెదాలు విడివడే ఫ్రేములోనే 'మాం' తెరుచుకోవాలి. మొదటి ఐదు నిమిషాల్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి ఇలా కొలిచి మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి. జబ్బు ఏదో ఆ కాగితమే చెబుతుంది.

ఎంత తేడా వరకు ఫర్వాలేదు? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారి బీటీ.1359 సిఫారసులో, ధ్వని దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే మనిషి పసిగడతాడనీ, వెనకబడితే మాత్రం 125 దాకా పట్టించుకోడనీ ఉంది. మెరుపు తర్వాత ఉరుము వినడం మనకు అలవాటే. ఉరుము ముందొస్తేనే వింత. కాబట్టి అనుమానంగా ఉంటే ధ్వనిని ఓ ఇరవై మిల్లీసెకన్లు వెనక ఉంచడమే నయం.

మూడు అంకెలూ ఒకటే అయితే అదృష్టవంతులు. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయనక్కర్లేదు. పీజీసీడీమక్స్ అనే ప్రోగ్రాంతో బొమ్మనూ ధ్వనినీ విడదీయండి. అది తన లాగ్ ఫైల్లో ఒక ఆడియో డిలే అంకె రాస్తుంది, అక్కడే చాలామంది బోల్తా పడతారు. అది పాత డిస్క్‌లో ధ్వనికీ బొమ్మకీ మధ్య ముందే ఉన్న ఎడం. విడదీయగానే ఆ ఎడం పోతుంది కాబట్టి దాన్నీ కలుపుకోవాలి. లాగ్‌లో −24 ఉండి, వీఎల్‌సీలో మీరు కొలిచింది −200 అయితే మొత్తం −224. డిలేకట్ అనే ఇంకో ప్రోగ్రాంలో స్టార్ట్ డిలే దగ్గర ఆ అంకె ఇస్తే ఏసీ3 (డీవీడీల్లో ఉండే ఒక ధ్వని ఫార్మాట్) ఫైలు మొదట్లో అంత మేర కోసేస్తుంది. ఏసీ3లో ఒక్కో ఫ్రేము 32 మిల్లీసెకన్లు, ఎంపీ2 అనే ఇంకో ధ్వని ఫార్మాట్‌లో 24. అంతకంటే చిన్న ముక్క కోయడం కుదరదు కాబట్టి మీ అంకెను దగ్గరి గుణిజానికి సర్దుతుంది. 224 అంటే సరిగ్గా ఏడు ఏసీ3 ఫ్రేములు. తర్వాత మక్స్‌మ్యాన్ అనే ప్రోగ్రాంలో రెండూ కలిపితే సరి, కానీ అక్కడి డిలే గడిలో మళ్లీ −224 కొట్టకండి. మూలం ఏవీఐ ఫైలైతే ఇంకా సులువు: వర్చువల్‌డబ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఆడియో మెనూ, ఇంటర్‌లీవింగ్, అందులో స్క్యూ కరెక్షన్.

అసలు తలనొప్పి రెండో రకం, మెల్లగా సాగే తేడా. వీహెచ్ఎస్ క్యాసెట్‌ను ఎక్కించేటప్పుడు బొమ్మ క్యాప్చర్ కార్డు ద్వారా, ధ్వని కంప్యూటర్ సౌండ్ కార్డు ద్వారా వస్తే ఈ తంటా మొదలవుతుంది. రెండింటి గడియారాలూ వేరు. సెకనుకు 48,000 శాంపిళ్లు (ధ్వని కొలతలు) తీస్తున్నానని సౌండ్ కార్డు అంటుంది, తీసేది 48,012 కావచ్చు. ఆ పన్నెండు శాంపిళ్లే గంటకు 0.9 సెకన్లు అవుతాయి. ఎర్ర, తెల్ల ధ్వని వైర్లను సౌండ్ కార్డుకు కాకుండా క్యాప్చర్ పరికరానికే గుచ్చితే తేడా చాలావరకు తగ్గుతుంది. వర్చువల్‌డబ్‌తో క్యాప్చర్ చేస్తుంటే టైమింగ్ సెట్టింగుల్లో ధ్వనిని బొమ్మకు అనుగుణంగా సర్దే పద్ధతి ఎంచుకోవచ్చు.

క్యాసెట్ మళ్లీ దొరకదు, లేదా ఫంగస్ పట్టింది, ఉన్న ఫైలుతోనే సరిపెట్టుకోవాలి. అప్పుడు రెండు గుర్తులు కావాలి, ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో. సినిమావాళ్లకు క్లాప్ బోర్డు ఉంది, మనకు కొబ్బరికాయ ఉంది. గౌరీపూజ దగ్గర కాయ రాయిని తాకే ఫ్రేమును వర్చువల్‌డబ్‌లో బాణం కీలతో ఒక్కొక్కటిగా జరిపి పట్టుకోండి. ముందు ఫ్రేములో కాయ గాల్లో ఉంటుంది, తర్వాతి ఫ్రేములో నీళ్లు చిమ్ముతాయి. ఆ రెండో ఫ్రేము సమయం రాసుకోండి. ఇప్పుడు ధ్వనిని వేవ్ ఫైలుగా తీసి ఆడాసిటీ అనే ధ్వని ఎడిటర్లో తెరిచి అదే చప్పుడు వెతకండి. చుట్టూ ఎంత మేళం మోగుతున్నా కాయ చప్పుడు గీతలో నిట్టనిలువు ముల్లులా లేచి కనిపిస్తుంది. చివరి గుర్తుకు గృహప్రవేశం కాయో, కెమెరా పక్కనే ఎవరైనా కొట్టిన చప్పట్టో పనికొస్తుంది. దూరంగా పేలిన బాణసంచా మాత్రం వద్దు. గాల్లో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే పోతుంది. అంటే 14 మీటర్ల దూరానికే ఒక పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) ఫ్రేము, 40 మిల్లీసెకన్లు, వెనకబడి వస్తుంది. పందిరి అవతలి డోలు కూడా అంతే.

లెక్క ఇలా. మొదటి కాయ బొమ్మలో 130.00 సెకన్ల దగ్గర, ధ్వనిలో 130.04 దగ్గర ఉంది. రెండో కాయ బొమ్మలో 3730.00, ధ్వనిలో 3730.94. రెండింటి మధ్య బొమ్మలో 3600 సెకన్లు గడిస్తే ధ్వనిలో 3600.90 గడిచాయి. 3600.90ని 3600తో భాగిస్తే 1.00025. అంటే ధ్వనిని 0.025 శాతం వేగంగా నడపాలి. ఆడాసిటీలో మొత్తం సెలెక్ట్ చేసి చేంజ్ స్పీడ్ (కొత్త వెర్షన్లలో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్)లో శాతం దగ్గర 0.025 ఇవ్వండి. చేంజ్ టెంపో కాదు. టెంపో శృతిని అలాగే ఉంచడానికి ధ్వనిని ముక్కలు చేసి అతుకుతుంది, సన్నాయి దీర్ఘస్వరంలో ఆ అతుకులు వణుకుగా వినిపిస్తాయి. పైగా గడియారం తప్పినప్పుడు శృతి కూడా ఆ కాస్తా తప్పే ఉంటుంది, స్పీడ్ మారిస్తే అదీ దారికొస్తుంది. ఇది చేశాక మొదటి కాయ 130.01 దగ్గరికి దానంతటదే వస్తుంది. అందుకే సాగుడు ముందు సరిచేసి, జరపడం ఏమైనా మిగిలితే తర్వాత చేయాలి. వరస తారుమారైతే రెండుసార్లు పని. ఎక్స్‌పోర్ట్ చేసేముందు ప్రాజెక్ట్ రేటు 48,000 ఉందో లేదో చూడండి. డీవీడీకి కావలసింది అదే, 44,100 సీడీలదీ వీసీడీలదీ.

తేడా గంటకు సెకను కాక నిమిషానికి రెండున్నర సెకన్లుంటే అది గడియారం తప్పు కానే కాదు, ఫ్రేమ్ రేటు తారుమారైంది. అమెరికాలో ఉన్న పిల్లల కోసం ఇక్కడి పాల్ డిస్క్‌ను అక్కడి టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీకి మార్చేటప్పుడు జరిగే తప్పు ఇది. మనది సెకనుకు 25 ఫ్రేములు, వాళ్లది 29.97. కొన్ని పద్ధతుల్లో 25ను 23.976కు నెమ్మదింపజేసి, ఆ పైన ఫీల్డులు (సగం ఫ్రేములు) పునరావృతం చేస్తారు. గంట వీడియో 62 నిమిషాల 34 సెకన్లవుతుంది. ధ్వనినీ అంతే సాగదీయకపోతే 60వ నిమిషంలో అది అయిపోయి, అప్పగింతలు మూకీ సినిమాగా మిగులుతాయి. ఇక్కడ మాత్రం స్పీడ్ మారిస్తే శృతి ముప్పాతిక అర్ధస్వరం పడిపోతుంది, సంగీతం తెలిసినవాళ్ల చెవికి తెలిసిపోతుంది, కాబట్టి టెంపోయే వాడాలి. నిజానికి నిడివి మారకుండా ఫ్రేములు మార్చే పద్ధతితో మళ్లీ మొదలుపెట్టడమే మేలు. లేదంటే ఎంపీ4 పంపేయండి, కంప్యూటర్‌కి పాల్ ఎన్‌టీఎస్‌సీ పట్టింపు లేదు.

ఇక ఒకచోట ఉన్నట్టుండి తప్పడం. క్యాసెట్ నలిగిన చోట సిగ్నల్ పోయి ఫ్రేములు జారిపోతే బొమ్మ పొట్టిదవుతుంది, ధ్వని అలాగే ఉంటుంది. 25 ఫ్రేములు పోతే ధ్వని ఒక సెకను వెనకబడినట్టే. క్యాప్చర్ చేస్తున్నప్పుడే డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె మీద కన్నుంచాలి. మినీ డీవీ క్యాసెట్లలో ఇంకో చిక్కు. కెమెరాలో ఆడియో మోడ్ 12 బిట్ ఉంటే 32,000 శాంపిళ్లు, 16 బిట్ అయితే 48,000. ఒకే క్యాసెట్‌లో నిశ్చితార్థం ఒక మోడ్‌లో, పెళ్లి ఇంకో మోడ్‌లో తీసి, అంతా ఒకే ఫైలుగా ఎక్కిస్తే మోడ్ మారిన చోటి నుంచీ ధ్వని తలకిందులే. అలాంటప్పుడు విడివిడి ఫైళ్లుగా ఎక్కించి, అన్నిటినీ 48,000కు మార్చాకే అతకండి. వీఓబీ (డీవీడీలోని వీడియో ఫైళ్లు) ముక్కలను కోసి అతికితే మరో రకం. బొమ్మ జీఓపీ (కలిపి కుదించిన ఫ్రేముల గుంపు) అంచున, అంటే పాల్‌లో మామూలుగా 12 నుంచి 15 ఫ్రేములకోసారి, మాత్రమే శుభ్రంగా తెగుతుంది. ధ్వని అంచు వేరేచోట. ఒక్కో అతుకు దగ్గర కొన్ని మిల్లీసెకన్లు పోగై, పదో అతుకు దాటేసరికి మాట తేలిపోతుంది. దేనికైనా మందు ఒకటే: తప్పిన చోట ఫైలును కోసి, ఏ ముక్కకా ముక్క ధ్వనిని విడిగా జరపడం. విసుగొచ్చే పనే.

ఫోన్లో తీసిన క్లిప్పులు డీవీడీలోకి ఎక్కిస్తే తేడా ఎక్కడెక్కడో వస్తుంది. ఫోన్ వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటు పెంచుతూ తగ్గిస్తూ తీస్తుంది, డీవీడీ సాఫ్ట్‌వేర్ అది స్థిరమనుకుంటుంది. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనిపిస్తే ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఫార్మాట్ మార్చే ప్రోగ్రాంలో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చి, ఆ తర్వాతే ఎడిటింగ్‌లోకి తీసుకోండి.

కంప్యూటర్లో అంతా బాగుండి, ప్లేయర్లోనే తప్పుతూ, పాజ్ చేసి ప్లే నొక్కితే మళ్లీ కుదురుకుంటుంటే అప్పుడు మాత్రం డిస్క్‌నే అనుమానించాలి. బిట్ రేటు (సెకనుకు చదవాల్సిన డేటా) మరీ ఎక్కువైనా, నాసి డిస్క్ చదవడంలో తడబడినా ప్లేయర్ ఇలాగే చేస్తుంది. డీవీడీలో బొమ్మ, ధ్వని అన్నీ కలిపి సెకనుకు గరిష్ఠం 10.08 మెగాబిట్లు, కానీ ఇంట్లో రైట్ చేసిన డిస్క్‌లో 8 దాటించకపోవడం మంచిది. రెండు గంటల పెళ్లి 4.7 జీబీ డిస్క్‌లో పట్టాలంటే ఎలాగూ బొమ్మకు 4.8, ధ్వనికి 192 కిలోబిట్ల ఏసీ3 దగ్గరే ఆగాలి. పీసీఎం (కుదించని) ధ్వని పెడితే ఒక్క ధ్వనికే 1.5 మెగాబిట్లు పోతాయి. ఇమ్‌గ్‌బర్న్ అనే డిస్క్ రైటింగ్ ప్రోగ్రాంలో వేగం 4 లేదా 8 పెట్టి, వెరిఫై టిక్కు తీసేయకుండా, మొదటి కాపీని డీవీడీ ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగలిగే డిస్క్) మీద రైట్ చేసి చూడండి. ఆ డిస్క్‌లో చూడాల్సింది చివరి కొబ్బరికాయ.