పోలీసుల ముందు పాట

రాత్రి పదకొండు దాటింది, అత్తయ్యగారు పడుకున్నారు, నాకు మాత్రం సాయంత్రం చూసిన ఒక్క వాక్యం నిద్ర పట్టనివ్వడం లేదు. ఇంగ్లీషు సీరియల్‌లో దెబ్బలకు తాళలేక ఒకడు ముఠా గుట్టంతా చెప్పేస్తే, తెర కింద తెలుగులో 'వాడు పోలీసుల ముందు పాట పాడాడు' అని వేశారు. 'అన్ని దెబ్బలు తిన్నవాడు పాటెలా పాడాడమ్మా?' అని అత్తయ్యగారు అడిగారు. అక్కడితో ఆవిడకు కథ తెగిపోయింది.

ఇంగ్లీషులో పాడడానికి వాడే 'సింగ్' అనే క్రియకు దొంగల యాసలో నేరం ఒప్పుకోవడం, తోటివాళ్ళను పట్టించడం అనే అర్థం 17వ శతాబ్దం నుంచీ ఉంది. పాత ఇంగ్లీషులో 'సింగన్'గా ఉన్న ఈ మాట జర్మన్ 'జింగెన్'కు చుట్టం. మరగబోయే కెటిల్ సన్నని చప్పుడుకూ, చెవుల్లో హోరుకూ కూడా ఇంగ్లీషువాళ్ళు దీన్నే వాడతారు. ఇన్ని అర్థాలున్న మాటకు నిఘంటువులో మొదట కనిపించినదాన్ని తెచ్చి అతికించడం నాకు ఎంతో కోపం తెప్పించింది.

అయితే వంటిల్లు సర్దుతుంటే బాలాపూర్ గుర్తుకొచ్చింది. అక్కడి గణపతి లడ్డూ 1994లో మొదటిసారి 450 రూపాయలకు పోయింది; ఆ తరువాతి ఏడాదో, ఆ పై ఏడాదో బాబాయి నన్ను భుజాన ఎక్కించుకొని వేలంపాటకు తీసుకువెళ్ళాడు. పాట అన్నారు కదా అని నేను హార్మోనియం కోసం, భజన బృందం కోసం ఆ జనమంతా వెతికాను. తెల్ల చొక్కా ఆయన ఒకరు చెయ్యెత్తి ఏదో అంకె చెప్పగానే 'చూడు, ఆయన పాడాడు' అన్నాడు బాబాయి. 'మూడోసారి' అనడమూ, డప్పులు మోగడమూ, లడ్డూ వెళ్ళిపోవడమూ జరిగిపోయినా, పాట ఎప్పుడు మొదలవుతుందని ఇల్లు చేరేదాకా బాబాయిని అడుగుతూనే ఉన్నాను.

రాగం లేని చోట పాడడం మనకూ ఉంది కాబట్టి, ఆ అనువాదకుడు ఆ రోజు భుజం మీద కూర్చున్న నాలాంటివాడే అనుకొని కోపం తగ్గించుకోబోయాను. కానీ నాకప్పుడు ఆరేళ్ళు, పైగా నేను అడిగాను. అతను తెర మీది మనిషి ముఖం ఒక్కసారి చూసి ఉంటే, అది పాట కాదని తెలిసేది. 'నోరు విప్పాడు' అన్న మాట మన ఇళ్ళలో రోజూ వినిపించేదే.

పడుకోబోయే ముందు అత్తయ్యగారితో 'వాడు నిజం కక్కేశాడు, అంతే' అని చెప్పాను. 'అలా రాయొచ్చుగా' అని, రేపు ఆ భాగం మొదటినుంచి పెట్టమన్నారు.