దుబాయిలో గజేంద్రమోక్షం

దుబాయిలో శనివారం రాత్రి 9 అంటే కువైట్‌లో 8, మన ఊళ్ళో పదిన్నర, న్యూజెర్సీలో మధ్యాహ్నం ఒంటిగంట, చలికాలమైతే పన్నెండు. పోతన భాగవతం మీద మా ముచ్చట ఆ వేళకే. వారం మధ్యలో పెడితే ఎవరికీ కుదరదు. ఇక్కడ 2022 నుంచి ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవు. సైట్ల మీద పనిచేసేవాళ్ళలో చాలామందికి మాత్రం ఆదివారం ఒక్కటే. కువైట్‌లో శుక్ర, శనివారాలు. అందరికీ కాస్త తీరిక దొరికే సందు శనివారం రాత్రి. వాట్సాప్ కాల్ ఈ దేశంలో పనిచేయదు కాబట్టి జూమ్. డబ్బు కట్టని ఖాతాలో 40 నిమిషాలకు మాట మధ్యలోనే తెగిపోతుంది. తలా కొంత వేసుకుని కొందామని న్యూజెర్సీ తమ్ముడు ఎప్పుడూ అంటాడు, నేనే వద్దంటాను. పురాణం చెప్పేవాళ్ళకు అంతకు మించిన కళ్ళెం ఇంకోటి లేదు.

నేను జెబెల్ అలీలో ఒక గోదాములో స్టోర్‌కీపర్ని. సంస్కృతం రాదు, ఛందస్సు బళ్ళో చెప్పినంతవరకే. అయినా ఈ పని నాకు కుదిరింది. ఒకరి నోరు ఆపి ఇంకొకరి నోరు తెరిపించడం మాకు డ్యూటీలో రోజూ ఉండేదే.

మొదట భగవద్గీత చదువుదామనుకున్నాం. క్యాంపులో ఒకాయన అలవాటవుతుందని ఫోన్‌లో ఘంటసాల గీత పెట్టాడు. పక్క గదివాళ్ళు చెప్పులేసుకుని పరుగెత్తుకొచ్చి "ఎవరు పోయిన్రు?" అన్నారు. 1974లో ఆ రికార్డు వచ్చినప్పటి నుంచి మనవాళ్ళు దాన్ని చావింటికి ఎంతగా కట్టేశారంటే, బతికున్నవాడు తన కోసం పెట్టుకుంటే నమ్మరు. అలా పోతన దగ్గరికి వచ్చాం. అందులోనూ నేరుగా అష్టమ స్కంధం, గజేంద్రమోక్షం. పద్యం రాదనేవాడికి కూడా "అల వైకుంఠపురంబులో" అనగానే రెండు పాదాలు నోటికొస్తాయి.

పద్ధతి ఇదీ. పద్యం ముందు సారు చదవకూడదు. హనుమకొండలో రిటైరైన తెలుగు సారు ఆయన, రాగం తీస్తే గొంతు కంచు మోగినట్టుంటుంది. ఆయన మొదలుపెడితే మిగతావాళ్ళు వినడంతోనే సరిపెట్టుకుంటారు. అందుకని తప్పో ఒప్పో ఇంకొకరు చదవాలి, తర్వాత సారు పదాలు విడదీసి చెప్పాలి, ఆ తర్వాత ఎవరి మాట వాళ్ళది. చివరి పది నిమిషాల దాకా 'జీవాత్మ పరమాత్మ' అనే మాట ఎత్తకూడదు. ఈ చివరి నియమం మీద సారుకు ఇప్పటికీ కోపమే. ఏనుగు జీవుడు, మొసలి సంసారం అని మొదటి నిమిషంలోనే చెప్పేస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? నడిపేవాడికి తెలియాల్సింది మ్యూట్ బటన్ ఎక్కడుందో, దాన్ని ఎవరి మీద నొక్కాలో. సారు మీద నొక్కడానికి మొదట్లో చేయి ఆడేది కాదు.

ఇంకో చోట మ్యూట్ బాగా అక్కరకొచ్చింది. పోతన ఎవరివాడు? జనగామ జిల్లా బమ్మెరవాడని సారు. కాదు, మా ఒంటిమిట్టవాడని కువైట్ అక్క. ఆమెది రాజంపేట దగ్గర పల్లె, ఇంటి పనికి వెళ్ళింది. పోతన భాగవతంలో చెప్పిన ఏకశిలానగరం అంటే ఓరుగల్లని ఈయన, ఒంటిమిట్ట గుళ్ళో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, అదే ఏకశిల అని ఆమె. రాష్ట్రం విడిపోయాక ఈ తగాదాకు కొత్త పదును వచ్చింది. భద్రాచలం తెలంగాణకు పోవడంతో ఆంధ్రా ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలు ఒంటిమిట్టకు మార్చింది కదా. ఒక శనివారమంతా దీనికే పోయింది. ఆ తర్వాత పోతన ఊరు ఎత్తితే మ్యూటే.

భాగవతమంతా పోతన ఒక్కడే రాసింది కాదని, ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ వెలిగందల నారయ పూర్తిచేశారని సారు చెప్పిన రోజు జగిత్యాల అన్న "అంటే సబ్ కాంట్రాక్టా సారూ?" అన్నాడు. ఆయన షట్టరింగ్ కార్పెంటర్. అల్ కూజ్‌లో క్యాంపు, పైమంచం మీద పడుకుని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడతాడు. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి 3 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం. ఆ నీడపట్టు వేళలో ఆయన వచ్చే వారం పద్యం నోటికి పట్టేవాడు. ఒకసారి ఈ కందం చదివాడు:

కరి దిగుచు మకరి సరసికి
గరి దరికిని మకరి దిగుచు గరకరి బెరయన్

మొసలి మడుగులోకి లాగుతుంది, ఏనుగు గట్టుకు లాగుతుంది. సారు ఇంకా పదాలు విడదీస్తూనే ఉన్నాడు, అన్న ఆగలేదు. "ఇది మిత్తి సారూ. వీసాకు ఏజెంటుకు కట్టిన పైసలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన. నెలనెలా పంపుత. కొంచెం గట్టుకు వచ్చిన అనుకుంటనో లేదో, చెల్లె పెండ్లని మళ్ళ లాగుతది. గిదే పద్యం." ఎవరూ నవ్వలేదు. అప్పుడు న్యూజెర్సీ తమ్ముడికి వేమన గుర్తొచ్చాడు. నీళ్ళలోని మొసలి ఏనుగును పడుతుంది, బయటికొస్తే కుక్క చేతిలో భంగపడుతుంది, స్థానబలిమి గాని తన బలిమి కాదన్నాడు కదా అని. ఆ రోజు ముచ్చటంతా దాని మీదే నడిచింది. అడవిలో వెయ్యి ఏనుగుల బలమున్నవాడైనా నీళ్ళు ఎవరివో చూసుకుని దిగాలి. ఇక్కడ నీళ్ళు మనవి కావు, చట్టం మనది కాదు, భాష మనది కాదు. మొసలి చెడ్డదని కాదు, దాని చోటు అది. సారు కూడా ఒప్పుకుని ఒక మాట కలిపాడు: ఆ మొసలి నిజానికి దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడు, దానికీ ఆ రోజే విడుదల. "మా ఫోర్‌మన్‌కు గూడ అయితదంటరా?" అన్నాడు అన్న.

'కలడు కలండనెడివాడు కలడో లేడో' దగ్గరకు వచ్చేసరికి న్యూజెర్సీ తమ్ముడికి ఎవరి వివరణా అక్కర్లేకపోయింది. అది తన గ్రీన్‌కార్డు గురించి రాసిన పద్యమే అన్నాడు. అయితే ఈ పద్యం మీద అసలు ప్రశ్న జగిత్యాల అన్నదే. అంత గొప్ప భక్తుడు పిలుస్తూ పిలుస్తూనే లేడేమో అంటాడా? నాకు ఆ సందేహమే నచ్చుతుంది. అది లేకపోతే తర్వాత వచ్చే 'లావొక్కింతయు లేదు' అంత బరువుగా ఉండదు.

'సిరికిం జెప్పడు' పద్యం రోజు మాత్రం నాకు ముచ్చట నడపడం కష్టమైంది. విష్ణువు లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతపట్టడు, గరుడుణ్ణి సిద్ధం చేయమనడు, ఉన్నపళంగా బయల్దేరతాడు. "లీవ్ అప్లికేషన్ లేకుండా" అని ఎవరో జోకేశారు. అన్న మెల్లగా అన్నాడు: "మా నాయిన పోయినప్పుడు కంపెనోళ్ళు దినాలు అయినంక టికెట్ ఇచ్చిన్రు." సారు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. ఇలాంటి చోట నడిపేవాడు కూడా మాట్లాడకూడదు. కాసేపటికి కువైట్ అక్కే "తర్వాతి పద్యం నేను చదవనా అన్నా" అని అడిగింది.

ఆ అక్కకు ఇంట్లో పిల్లలు పడుకుంటేనే ఫోన్ దొరుకుతుంది. కొన్ని వారాలు అసలు రాదు, వచ్చినా వీడియో పెట్టదు. చదివింది ఏడో తరగతి. ఓ రోజు ముందుకు పోతున్న మమ్మల్ని ఆపి, వదిలేసిన పద్యానికి వెనక్కి తీసుకుపోయింది. మొసలితో పోరాడుతున్న ఏనుగును ఒక్కణ్ణే వదిలిపోవడానికి కాళ్ళు రాక ఆడ ఏనుగుల మంద గట్టు మీదే చూస్తూ నిలబడే పద్యం అది. చివరి పాదం 'మగలు దగులు గారె మగువలకును'. భర్తలే ఆడవాళ్ళకు బంధాలు కదా అని.

"అది సరే సారూ, మా ఇంట్లో తిరగబడి ఉండాది గదా? మడుగులో నేనుండా, గట్టు మీద ఆయనుండాడు. ఈ పద్యం నాకెట్లా సరిపోతాది?"

సారు జవాబు వెతుక్కునేలోపు 40 నిమిషాలు అయిపోయాయి. వారమంతా ఆయన దాన్ని పట్టుకునే ఉన్నట్టున్నాడు. మళ్ళీ శనివారం అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు, జనం చేరగానే అక్క కోసం పాదం తిప్పానని రాగం తీసి చదివాడు: 'మగువ దగులు గాదె మగలకైన'. గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది.

"పద్యానికి సరిపోయింది సారూ," అంది అక్క. "మా ఆయనకు సరిపోతాదో లేదో రేపు ఫోన్ చేసి చూడాల."

ఇక క్షీరసాగర మథనం మొదలుపెట్టాలి. జగిత్యాల అన్న అది వదిలేసి బలి చక్రవర్తి 'కారే రాజులు' దగ్గరికి దూకుదామంటున్నాడు, సారు ససేమిరా అంటున్నాడు. ఈ శనివారం ఓటింగు పెడతాను.