తవ్వే ముందు పలికే మాట

అథర్వవేదం పన్నెండో కాండలోని భూమి సూక్తంలో 63 మంత్రాలున్నాయి. "మాతా భూమిః పుత్రో అహం పృథివ్యాః" అని మనమంతా తలచుకునే మాట అందులోదే. నా మనసు మాత్రం ఎప్పుడు చదివినా 35వ మంత్రం దగ్గర ఆగిపోతుంది.

యత్తే భూమే విఖనామి క్షిప్రం తదపి రోహతు |
మా తే మర్మ విమృగ్వరి మా తే హృదయమర్పిపమ్ ||

అమ్మా భూమీ, నీలో నేను తవ్వినది త్వరగా మళ్లీ మొలకెత్తుగాక. పావనం చేసే తల్లీ, నీ మర్మస్థానాన్ని గానీ, నీ గుండెను గానీ నేను పొడవకుందును గాక.

ఋషి తవ్వొద్దని అనలేదు. నేలను గుచ్చకుండా మనిషికి తిండి లేదని, మందు లేదని ఆయనకు తెలుసు. పెట్టుకున్న షరతల్లా ఒక్కటే, "క్షిప్రం". త్వరగా పూడాలి, త్వరగా పెరగాలి. సుస్థిర సమాజం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క మాటే చూపిస్తాను. కోసిన గడ్డి వానకు మళ్లీ లేస్తుంది. నరికిన చెట్టుకు బదులు మరొకటి ఎదగడానికి ఒక తరం పడుతుంది. అంగుళం మేర సారవంతమైన మట్టి తయారవడానికి వందల ఏళ్లు కావాలి. బొగ్గులో చాలా భాగం సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి అడవులది. దాన్ని తవ్వి "క్షిప్రం రోహతు" అనడానికి నోరెలా వస్తుంది? ఎండ, గాలి అలా కాదు. ఈ రోజు ఎంత వాడుకున్నా రేపటి వాటా తరగదు.

తర్వాతి మాట "మర్మ", అంటే ఆయువుపట్టు. ఇక్కడ కాస్త నిలబడాలి. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు మనిషి ఒంట్లో 107 మర్మాలు లెక్కపెట్టాడు. వాటిలో కొన్ని సద్యఃప్రాణహరాలు, దెబ్బ తగిలితే ప్రాణం త్వరగా పోతుంది. కొన్ని కాలాంతర ప్రాణహరాలు. వాటికి తగిలినవాడు లేచి నడుస్తాడు, మాట్లాడతాడు, బాగానే ఉన్నాడనిపిస్తాడు. చావు తర్వాత వస్తుంది. భూమికి మనం చేసిన గాయాల్లో ఎక్కువ ఈ రెండో రకమేనని నా భయం. పరిశ్రమలు పుట్టకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఈ రోజు వదిలిన పొగలో కొంత వందల ఏళ్లు గాలిలోనే ఉండిపోతుంది. పగడపు దిబ్బలు, వానల అడవులు, ఉత్తర ధ్రువం చుట్టూ వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలు, ఇవన్నీ నా కంటికి ఆ తల్లి మర్మాలే.

"విమృగ్వరి" అంటే శుద్ధి చేసేది. మురికినీరు మట్టిలోంచి ఇంకి తేటపడుతుంది, రాలిన ఆకు ఎరువవుతుంది. ఏది పడేసినా కడిగి తిరిగి ఇచ్చే తల్లి ఆమె. ఆమెకు కడగడం చేతకాని వస్తువులను మనం తయారుచేశాం. ప్లాస్టిక్ ముక్కలై, నలుసులై సముద్రపు అట్టడుగుకు కూడా చేరింది. ఈ పేరు జపిస్తూ అలాంటివి ఆమె ఒడిలో పోయడం నాకు అపచారంగానే తోస్తుంది.

ఇంకొకటి. "విఖనామి", నేను తవ్వుతున్నాను. పలుగు పట్టినవాడే ప్రార్థిస్తున్నాడు. ఇప్పుడు తవ్వేది ఎక్కడో, వాడేది ఎక్కడో. ఫోన్ బ్యాటరీలోని లిథియం కోసం ఏ నేల తెరుచుకుందో దాన్ని చేతిలో పట్టుకున్న నాకు తెలియదు. స్విచ్ వేసేటప్పుడు ఈ మంత్రం మనసులో అనుకోవడం కొన్నాళ్లుగా అలవాటు చేసుకున్నాను. అనుకున్న రోజున ఒక దీపమైనా తక్కువ వెలుగుతుంది. అది చాలదని తెలుసు. గనికి అనుమతి రాసే చేతికీ, కర్మాగారం నడిపే చేతికీ ఈ "నేను" అన్న మాట తగలాలి.

"రోహతు" అన్న క్రియకు పెరగడమనే కాక గాయం మానడమనే అర్థమూ ఉంది. అలా మానుతున్న గాయం ఒకటి మన కళ్లెదుటే ఉంది. ఓజోన్ పొరను తినేసే రసాయనాలను ఆపాలని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి, చాలావరకు ఆపాయి కూడా. ఇదే దారిలో నడిస్తే అంటార్కిటికా మీది పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని శాస్త్రవేత్తల అంచనా. ఒప్పందం కుదిరిన ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి 79 ఏళ్లు.