రెండో గుండీ
రాత్రి నిద్ర పట్టక ‘సైన్‌ఫెల్డ్’ అనే అమెరికన్ కామెడీ సీరియల్ మొదటి ఎపిసోడ్ పెట్టాను. 1989 జులైలో వచ్చింది. హీరో జెర్రీ స్నేహితురాలు ఎలైన్ ఏది? లేదు! ఆ పాత్రని తర్వాత చేర్చారు. ఎదురు ఫ్లాట్ క్రేమర్‌ని జెర్రీ ‘కెస్లర్’ అంటున్నాడు. అమ్మానాన్నల పెళ్లి ఆల్బం చూస్తున్నట్టుంది. మనుషులు వాళ్లే, కానీ ఇంకా వాళ్లలా లేరు.

మొదటి సంభాషణే చొక్కా గుండీ గురించి. స్నేహితుడు జార్జ్ చొక్కాకి రెండో గుండీ మరీ పైన ఉందని జెర్రీ గోల. 1998లో ఆఖరి ఎపిసోడ్, జైలు గది, మళ్లీ అదే గుండీ ముచ్చట! అది చూసినప్పుడు నాకు తట్టలేదు, మొద్దుని. నిన్న అర్ధరాత్రి రెండింటికి తట్టింది. ఒక్కదాన్నే పడీపడీ నవ్వుతుంటే పక్క గదిలోంచి అమ్మ, "ఇంకా పడుకోలేదుటే?"